పెద్ద తెర ఐమ్యాక్ మళ్లీ వస్తే సామానంతా ఎక్కడ దాస్తారు?

తెరచాటు

ఐమ్యాక్ అంటే తెరా కంప్యూటరూ ఒకే వస్తువుగా ఆపిల్ చేసే డెస్క్‌టాప్. అందులో 27 అంగుళాలదాన్ని 2022 మార్చిలో ఆపేశారు. దాని స్థానంలో మ్యాక్ స్టూడియో అనే కంప్యూటర్ పెట్టె, స్టూడియో డిస్‌ప్లే అనే మానిటర్ విడివిడిగా తెచ్చి, ఇక మీరే కలుపుకోండి అన్నారు. 2023 నవంబరులో ఆపిల్ వాళ్లే ఆపిల్ సిలికాన్‌తో, అంటే తమ సొంత చిప్పుతో, 27 అంగుళాల ఐమ్యాక్ చేసే ఆలోచన లేదని పత్రికలవాళ్లకు చెప్పేశారు కూడా. అయినా మనం ఊరుకుంటామా? 27 లేదన్నారు గానీ 32 లేదనలేదు కదా అని పట్టుకుని వేలాడుతున్నాం.

ఎప్పుడొస్తుంది, ఎంతుంటుంది అనే గోల ఈ థ్రెడ్‌లో వద్దు. ఆకారం గురించే మాట్లాడుకుందాం. ఇప్పటిదాకా వచ్చిన ఫ్లాట్ స్క్రీన్ ఐమ్యాక్‌లన్నీ ఒకే చిక్కును తలా ఒక రకంగా విప్పినవే. తెర పల్చగా పలకలా ఉండాలి, మరి బోర్డూ ఫ్యానూ పవర్ సప్లై ఎక్కడ పెట్టాలి? 2002లో వచ్చిన జీ4 వాటిని కింద డోమ్‌లో, అంటే అర్ధగోళం లాంటి పీఠంలో పెట్టింది. 2004లో జీ5 తెర వెనక్కి నెట్టింది. 2021లో ఎం1 మోడల్ తెర కింద గడ్డంలోకి, అంటే అడుగున కనిపించే వెడల్పాటి పట్టీలోకి దించింది. ఈసారి 32 అంగుళాలైతే ఎటు పోతారు? నా ఓటు ప్రస్తుతానికి వెనక్కే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

జీ4 వీరాభిమాని

డోమ్. మరో మాటే లేదు.

జీ4 వాడినవాళ్లకే తెలుస్తుంది. తెర అంచు రెండు వేళ్లతో పట్టుకుని పైకి, కిందికి, పక్కకు ఎటు లాగితే అటొచ్చి, వదిలినచోట కదలకుండా నిలబడేది. ఆ స్టీలు మెడలో స్ప్రింగు ఉంటుంది, తెరకు వెళ్లే వైర్లన్నీ దాని లోపలి నుంచే. ఆ తర్వాత వచ్చిన ఏ ఐమ్యాక్‌లోనూ ఎత్తు మార్చుకునే వీలే లేదు. ఇరవై ఏళ్లు దాటినా ముందుకూ వెనక్కూ వంచుకోవడమే!

పైగా ఇప్పుడు తెర లేని చిన్న పెట్టె కంప్యూటర్, 2024 మ్యాక్ మినీ చూడండి, 12.7 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల ఎత్తు, పవర్ సప్లై కూడా అందులోనే. దాని నెత్తిన ఒక మెడ పెడితే అయిపోయింది కదా.

స్క్రూడ్రైవర్

వీరాభిమాని గారూ, మీ ప్రేమను కాదనను గానీ బరువు లెక్క చూశారా? 15 అంగుళాల జీ4 సుమారు 9.7 కిలోలు. 2003 చివర్లో 20 అంగుళాల తెర పెట్టినప్పుడు అది 18 కిలోలు దాటిపోయింది. తెర అయిదు అంగుళాలు పెరిగితే మొత్తం బరువు రెట్టింపుకు దగ్గరైంది. కారణం మరేమీ లేదు, తెరను ముందుకు లాగితే బోర్లా పడకుండా ఉండాలంటే అడుగున బరువుండాలి.

ప్రో డిస్‌ప్లే ఎక్స్‌డీఆర్, అదే 2019లో వచ్చిన 32 అంగుళాల ఆపిల్ మానిటర్, స్టాండు లేకుండానే 7 కిలోలు దాటుతుంది. దాన్ని మెడ చివర తగిలించి 20 సెంటీమీటర్లు ముందుకు లాగామనుకోండి. జీ4 డోమ్ వ్యాసం దాదాపు 27 సెంటీమీటర్లు, అంటే తెర బరువు అడుగు అంచు దాటి ఆరు సెంటీమీటర్లు బయటికొస్తుంది. అర కిలో చిల్లర ఉండే మినీ దాన్ని ఏం ఆపుతుంది? తెర అంచు ఎవరైనా గట్టిగా నొక్కినా నిలబడాలంటే అడుగున ఇనప దిమ్మె పోయాలి. కంప్యూటర్ చిన్నదవడం డోమ్‌కు మేలు కాదు, కీడు. జీ4 కాలంలో డీవీడీ డ్రైవు, హార్డ్ డిస్కు, పవర్ సప్లై అన్నీ బరువైనవే కాబట్టి అవే దిమ్మెలా పనికొచ్చాయి.

జీ4 వీరాభిమాని

సరే, దిమ్మె పోయమనండి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను ఎవరైనా సంకలో పెట్టుకు తిరుగుతారా?

ఊరికే చూస్తున్నా

😂 పాయింటే.

పిక్సెల్ పంతులు

సామాను సంగతి తర్వాత, ముందు తెర కొలత తేల్చుకోవాలి. అదే మిగతావన్నీ నిర్ణయిస్తుంది.

మ్యాక్ తెరల్లో అంగుళానికి 218 పిక్సెళ్లు అనేది గీసిన గీత. 24 అంగుళాల ఐమ్యాక్ 4480 × 2520, దాని కొలత నిజానికి 23.5 అంగుళాలే. 27 అంగుళాలది 5120 × 2880. ఎక్స్‌డీఆర్ 6016 × 3384. మూడూ 218 దగ్గరే ఆగుతాయి. మ్యాక్ ఓఎస్‌లో అక్షరాలు, బటన్లు ఈ సాంద్రతలో సరిగ్గా రెండింతలకు గీస్తారు కాబట్టి ఎక్కడా మసక రాదు. 27 అంగుళాల్లో 4కె (3840 × 2160) పెడితే 163కి పడిపోతుంది. అప్పుడు అక్షరాలు మరీ పెద్దగానైనా ఉండాలి, లేదా సిస్టమ్ ఒక పెద్ద బొమ్మ గీసి కుదించి చూపించాలి. అక్షరాల అంచులు చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

కాబట్టి 30 అంగుళాలు, 31.5 అంగుళాలు అంటూ తిరిగే కబుర్లలో 6కె 32, అంటే ఎక్స్‌డీఆర్ కొలత, ఒక్కటే నాకు నమ్మబుద్ధవుతుంది. ఆ ప్యానెల్ తయారీ ఇప్పటికే ఉంది. కొత్త కొలతకు కొత్త ప్యానెల్ చేయించాలంటే ఆ అమ్మకాలు దాన్ని మోయాలి కదా.

ఇక 32 అంగుళాలంటే పదహారుకు తొమ్మిది నిష్పత్తిలో వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. ఈ 40 గుర్తుపెట్టుకోండి, గడ్డం చర్చ వచ్చినప్పుడు పనికొస్తుంది.

మెడనొప్పి బాధితుడు

వచ్చేసింది చర్చ. పేరు చూశారుగా, నాకు ఈ విషయంలో అనుభవం జాస్తి.

తెర పై అంచు కంటి ఎత్తులో గానీ కాస్త కిందగానీ ఉండాలని ఏ డాక్టరైనా చెప్తాడు. కుర్చీలో కూర్చుంటే బల్ల మీద నుంచి నా కళ్లు 46, 47 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. 24 అంగుళాల ఐమ్యాక్ మొత్తం ఎత్తు 46. అందులో గడ్డమూ స్టాండూ పోను తెర 29 సెంటీమీటర్లే. అక్కడ బాగానే సరిపోయింది, కొందరైతే కింద పుస్తకాలు పెట్టి ఇంకా ఎత్తుకుంటారు.

ఇప్పుడు 40 సెంటీమీటర్ల తెర కింద ఆరేడు సెంటీమీటర్ల గడ్డం, దాని కింద స్టాండు ఖాళీ ఎనిమిదో పదో వేయండి. పై అంచు 55 దాటింది. మెనూ బార్ ఎక్కడుంటుంది మ్యాక్‌లో? పైనే. అంటే ఫైల్ మెనూ నొక్కాల్సిన ప్రతిసారీ తల ఎత్తాలి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్ల గతి ఇంకా దారుణం. దగ్గర చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది, కాబట్టి వాళ్లు గడ్డం ఆకాశానికెత్తి చదవాలి.

24 అంగుళాలకు గడ్డం అందం మీద చర్చ. 32కు అది మెడ మీద చర్చ. పెద్ద తెరకు గడ్డం ఉండదని నేను గట్టిగా చెప్తాను.

ఎం1తో హాయిగా

గడ్డాన్ని అందరూ తిట్టేవాళ్లే. అది ఉంది కాబట్టే మిగతా తెరంతా 11.5 మిల్లీమీటర్లు. 2021 మోడల్ విప్పిన ఫొటోలు చూసినవాళ్లకు తెలుసు, బోర్డు, ఫ్యాన్లు, స్పీకర్లు అన్నీ ఆ అడుగు పట్టీలోనే, పైన తెర వెనక దాదాపు ఏమీ లేదు. పక్కనుంచి చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

స్క్రూడ్రైవర్

ఎంత పల్చన అంటే హెడ్‌ఫోన్ జాక్ వెనక పట్టలేదు, ఎడమ పక్కన పెట్టారు. ప్లగ్గు పొడవు 14 మిల్లీమీటర్లు, కంప్యూటర్ మందం 11.5. దూరిస్తే అద్దంలోంచి బయటికి రావాలి. పవర్ సప్లైని ఎత్తి బయట ఇటుకలో పెట్టారు, ఈథర్‌నెట్ కూడా ఆ ఇటుకకే. దాచడం అంటే ఇదీ, బల్ల మీదిది నేల మీదికి!

ఎం1తో హాయిగా

ఈథర్‌నెట్ ఇటుకలో పెట్టడం నాకు నచ్చిన పని. బల్ల మీదికి ఒక్క తీగే వస్తుంది. దాన్నీ వెక్కిరిస్తారేంటి.

సౌండ్ లేని ఫ్యాను

మందం గురించి ఇంత గొడవెందుకు? 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మూత మూస్తే 1.68 సెంటీమీటర్లు. ఆపిల్ పెద్ద చిప్పు మ్యాక్స్, బ్యాటరీ, కీబోర్డు, మినీ ఎల్ఈడీ తెర (వెనక చిన్నచిన్న ఎల్ఈడీ దీపాలతో వెలిగేది) అన్నీ కలిపి. దాని అడాప్టర్ 140 వాట్లు. 24 అంగుళాల ఐమ్యాక్ ఇటుక 143. అంటే ఆ చిప్పును పల్చటి డబ్బాలో పెట్టడం వాళ్లకు తెలియనిది కాదు.

కానీ చప్పుడో? అసలు ప్రశ్న అక్కడ. అదే మ్యాక్స్ చిప్పు మ్యాక్ స్టూడియోలో ఉంటే చెవి పెట్టి వినాలి, ల్యాప్‌టాప్‌లో గట్టిగా పని చెప్తే పక్కగదికి వినిపిస్తుంది. తేడా చిప్పులో లేదు, ఫ్యాను సైజులో ఉంది. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి ఎంత గాలి తోస్తుందో, అంత గాలికి చిన్న ఫ్యాను గొంతు చించుకోవాలి. స్టూడియో 9.5 సెంటీమీటర్ల ఎత్తుందంటే బోర్డు కోసం కాదు, ఎక్కువ భాగం ఫ్యాన్లు, చిప్పు వేడి లాగే హీట్‌సింకు, పవర్ సప్లైలే. 2022 మోడల్‌లో మ్యాక్స్ కంటే పెద్దదైన అల్ట్రా చిప్పుకు రాగి హీట్‌సింకు వేస్తే, అల్యూమినియం వేసిన మ్యాక్స్ మోడల్ కంటే 0.9 కిలో బరువెక్కింది!

ఇంకోటి. బ్యాక్‌లైటు కూడా వేడే. ఎక్స్‌డీఆర్ వీపున ఆ గుంటల జల్లెడ డిజైన్ ఫ్యాషన్ కోసం పెట్టలేదు, 576 జోన్ల ఎల్ఈడీ వేడి బయటికి పోవడానికి. ఇప్పుడు ఆ వేడి వెనకాలే ఒక మ్యాక్స్ చిప్పును కూర్చోబెడితే రెండు పొయ్యిలూ ఒకే చోట వెలిగించినట్టే. 32 అంగుళాల్లో మినీ ఎల్ఈడీ, మ్యాక్స్ చిప్పు, పల్చదనం మూడూ కావాలంటే కుదరదు. రెండు ఎంచుకోండి.

రంగులపెట్టె

నేను రెండు ఎంచుకున్నా, మినీ ఎల్ఈడీ, మ్యాక్స్. పల్చదనం మీరుంచుకోండి. వీడియో ఎడిటింగ్ చేసేవాడు కంప్యూటర్‌ను పక్కనుంచి ఎప్పుడు చూస్తాడు చెప్పండి?

రెండో కోరిక, తెర చుట్టూ అంచు తెల్లగా వద్దు. 24 అంగుళాల మోడల్‌లో లేత రంగు అంచు. ఇంట్లో చాలా బాగుంటుంది. చీకటి దృశ్యానికి రంగులు సరిచేస్తుంటే ఆ అంచు కంటి కొసన మెరుస్తూనే ఉంటుంది. దానికి అలవాటుపడిన కన్ను నలుపును అసలుకంటే నల్లగా చూస్తుంది, అక్కడే పని చెడుతుంది. 2017 ఐమ్యాక్ ప్రో లాగా నల్ల అంచు, ముదురు బూడిద ఒళ్లు ఉంటే చాలు. ఏడు రంగుల పండగ చిన్నదానికే ఉండనివ్వండి.

అద్దం మీద నానో టెక్స్చర్, అంటే వెలుతురు ప్రతిబింబించకుండా చేసే సన్నటి గరుకు, ఎలాగూ ఇస్తారు. 2020లో చివరి 27 అంగుళాలదానికి ఇచ్చారు, 2024లో 24కూ ఇచ్చారు. కిటికీ ఎదురుగా కూర్చునేవాళ్లకు అది వరం. లేనివాళ్లు మామూలు అద్దమే తీసుకోండి, నానోలో నలుపు కొంచెం పలచబడుతుంది.

ఊరికే చూస్తున్నా

ఓఎల్ఈడీ పెట్టేస్తే మందం గొడవ, బ్యాక్‌లైటు వేడి గొడవ రెండూ పోతాయిగా? 2024 ఐప్యాడ్ ప్రో 13 అంగుళాలది 5.1 మిల్లీమీటర్లేనట.

పిక్సెల్ పంతులు

ఐప్యాడ్‌లో ఒకే బొమ్మ గంటల తరబడి ఉండదు. డెస్క్‌టాప్‌లో పైన మెనూ బారూ, కింద యాప్‌ల వరస ఉండే డాకూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే చోట ఉంటాయి. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ తన వెలుగు తానే ఇస్తుంది, ఎక్కువ వెలిగింది ఎక్కువ అరుగుతుంది. కొన్నేళ్లకు మెనూ బార్ తీసేసినా దాని నీడ ఉండిపోతుంది. ఐప్యాడ్‌లో రెండు పొరలు పేర్చి ఒక్కో పొర మీద భారం తగ్గించారు, నిజమే. అదే పని 32 అంగుళాల్లో చేయాలంటే ఖర్చు మాట మీరే ఊహించుకోండి. పదేళ్లు బల్ల మీద ఉండే వస్తువుకు నేనైతే ఒప్పుకోను.

స్క్రూడ్రైవర్

పదేళ్లు అన్నారు కాబట్టి నా గోడు చెప్తాను. నేను వీటిని విప్పి బాగుచేసేవాణ్ని.

2004 జీ5ని బోర్లా పడుకోబెట్టి అడుగున మూడు స్క్రూలు వదులు చేస్తే వీపు మొత్తం మూతలా లేచొచ్చేది. స్క్రూలు ఊడి కింద కూడా పడవు, అక్కడే వేలాడుతుంటాయి. లోపల పవర్ సప్లై, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఎదురుగా, ఎవరైనా మార్చుకోవచ్చు. తర్వాత 2007 నుంచి 2011 దాకా వచ్చిన అల్యూమినియం వాటికి ముందు అద్దాన్ని అయస్కాంతాలు పట్టుకునేవి. రెండు రబ్బరు సక్షన్ కప్పులు అంటించి లాగితే టప్‌మని ఊడొచ్చేది. మళ్లీ బిగించేటప్పుడు లోపల ఒక్క దుమ్ము రేణువు చిక్కినా కస్టమర్ కంటికి అదే కనిపిస్తుంది, అదొక్కటే బాధ.

2012లో అంచులు 5 మిల్లీమీటర్లకు తెచ్చారు. అద్దమూ ప్యానెలూ ఒకే ముద్ద, దాన్ని స్పాంజి లాంటి జిగురు పట్టీలతో చట్రానికి అతికించారు. ఇక స్క్రూ లేదు, అయస్కాంతం లేదు. ప్లాస్టిక్ చక్రం ఉన్న పనిముట్టును సందులో దూర్చి అంచు పొడవునా ముందుకీ వెనక్కీ తిప్పాలి. చక్రం మధ్యలో దిమ్మ ఉంటుంది, మరీ లోతుకు పోకుండా అది అడ్డుకుంటుంది. పైన నడిమధ్యలో కెమెరా ఉన్నచోట చెయ్యి తేలిక చేయాలి. జిగురు తెగిన చప్పుడు తెలుస్తుంది, కొంచెం బిరుసుగా చిరిగినట్టు. అప్పుడు తెరను అంగుళమో రెండంగుళాలో ముందుకు వంచి, చెయ్యి లోపలికి పెట్టి రెండు కేబుళ్లు పీకాలి. తొందరపడి ఇంకాస్త వంచితే కేబుల్ తెగుతుంది, లేకపోతే అద్దం మూల పగులుతుంది. ఇదంతా ఎందుకు? లోపల ఒక డిస్కు మార్చడానికి. మూసేటప్పుడు పాత పట్టీల మడ్డి గీకి కొత్తవి వేయాలి.

అయినా ఆ డిజైన్‌లోనే ఒక మంచి పని చేశారు. 27 అంగుళాలదానికి పవర్ ప్లగ్గు పీకితే ఆ గుంటలో చిన్న బటన్ కనిపిస్తుంది. నొక్కితే పైనున్న ర్యామ్ తలుపు తెరుచుకుంటుంది. పిల్లవాడైనా ర్యామ్ మార్చుకోవచ్చు. బయటినుంచి చూస్తే ఆ తలుపుకు బటనే ఉన్నట్టు తెలియదు. అందం కావాలంటే అలా చేయొచ్చని వాళ్లకే తెలుసు. ఇప్పుడు ర్యామ్ చిప్పులోనే కలిసిపోయింది కాబట్టి తలుపు అక్కర్లేదు. కనీసం ఎస్ఎస్‌డీ, ఫ్యాను చేతికందాలి. ఆకారం ఏదైనా కానివ్వండి, వీపు విప్పుకునేలా ఉండాలి. 32 అంగుళాల అద్దాన్ని చక్రంతో కోయమంటే నేను కోయను.

జీ4 వీరాభిమాని

డోమ్‌లో ఉంటే తెర ముట్టుకునే పనే ఉండదు 😌

తెరచాటు

వీరాభిమాని గారి మాటలో నాకూ కొంత నిజం కనిపిస్తోంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2016లో సర్ఫేస్ స్టూడియోతో చేసింది దాదాపు అదే. 28 అంగుళాల తెర, 4500 × 3000, మందం 12.5 మిల్లీమీటర్లు, సామానంతా కింద పల్చటి పెట్టెలో. రెండు మోకాళ్లున్న స్టాండు, తెరను బల్ల మీదికి బొమ్మలేసే పలకలా వాల్చుకోవచ్చు. చూస్తే ఇప్పటికీ కన్ను తిప్పుకోలేం.

సౌండ్ లేని ఫ్యాను

కన్ను తిప్పుకోలేం గానీ ఆ పెట్టెలో ల్యాప్‌టాప్ చిప్పే పట్టింది. కొన్నేళ్లకు చిప్పు పాతబడింది, తెర మాత్రం బంగారంలా ఉంది. దాన్ని వేరే కంప్యూటర్‌కు మానిటర్‌గా వాడుకుందామంటే వీడియో లోపలికొచ్చే పోర్టే లేదు. తెర, పెట్టె విడిగా ఉన్నా విడదీయలేని పెళ్లి.

మెడనొప్పి బాధితుడు

ఇదే అసలు విషయం. మా ఆఫీసులో ఒక కంపెనీ ఆల్ ఇన్ వన్‌లు వరసగా ఉండేవి, పేరెందుకులెండి. బోర్డు పోతే స్పేర్ లేదన్నారు. తెరలు నిగనిగలాడుతూనే స్టోర్ రూముకు వెళ్లాయి. మానిటర్ కావాలని అడిగితే కొత్తవి కొన్నారు.

పిక్సెల్ పంతులు

ఐమ్యాక్‌లో ఈ సౌకర్యం ఒకప్పుడుండేది. టార్గెట్ డిస్‌ప్లే మోడ్ అనేవారు. 2009 చివర వచ్చిన 27 అంగుళాలదానితో మొదలై 2014 మధ్య మోడళ్లదాకా, కేబుల్ తగిలించి కమాండ్ ఎఫ్2 నొక్కితే ఐమ్యాక్ కాస్తా మానిటర్ అయిపోయేది.

2014 చివర్లో 5కె రాగానే తీసేశారు. అప్పట్లో దానికి న్యాయమైన కారణముంది. లెక్క వేయండి. 5120 × 2880 అంటే కోటీ 47 లక్షల పిక్సెళ్లు. సెకనుకు 60 సార్లు, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు వేసుకున్నా సెకనుకు 21 గిగాబిట్లు దాటుతుంది. అప్పటి వీడియో కనెక్షన్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 మోయగలిగింది 17.28. ఒక్క తీగలో పట్టదు. లోపలైతే తమ సొంత టైమింగ్ చిప్పు పెట్టుకుని నెట్టుకొచ్చారు.

ఇప్పుడు ఆ సాకు లేదు. 6కె తెరకు 60 హెర్ట్జ్‌లో, 30 బిట్లు వేసుకుంటే సుమారు 36.6 గిగాబిట్లు. ఇప్పటి మ్యాక్‌ల పోర్టు థండర్‌బోల్ట్ 5 రెండు వైపులా 80 ఇస్తుంది, వీడియో కోసమైతే ఒక వైపు 120 దాకా. 120 హెర్ట్జ్ పెట్టినా 73 అవుతుంది, కుదించకుండానే పడుతుంది. అంటే 32 అంగుళాల ఐమ్యాక్ వెనక ఒక పోర్టును వీడియో లోపలికి తీసుకునేలా చేయకపోతే అది చేతకాక కాదు, ఇష్టంలేక.

ఎం1తో హాయిగా

తీగ లేకుండా బొమ్మ పంపే ఎయిర్‌ప్లే ఉందిగా. 2021లో వచ్చిన మ్యాక్ ఓఎస్ మాంటెరీ నుంచి 2019, ఆ తర్వాతి ఐమ్యాక్‌లకు వేరే మ్యాక్ తెరను పంపుకోవచ్చు. నేను అప్పుడప్పుడూ వాడుతుంటా.

రంగులపెట్టె

సినిమా చూడ్డానికి సరే. మౌసు కదిపితే బాణం వెనకాల వస్తుంది, బొమ్మను నొక్కి పిండి పంపుతుంది కాబట్టి రంగులు నమ్మలేం. పని తెరకు తీగే కావాలి.

స్క్రూడ్రైవర్

జనం ఎంత విసిగిపోయారంటే, పాత 5కె ఐమ్యాక్‌ల పొట్ట ఖాళీ చేసి, ప్యానెల్‌కు బయట దొరికే కంట్రోలర్ బోర్డు తగిలించి మానిటర్లు చేసుకుంటున్నారు. నా దగ్గరికే అలాంటి పనులొస్తాయి. అంత మంచి ప్యానెల్ పారేయడానికి ఎవరికీ మనసొప్పదు.

తెరచాటు

అయితే నా ఊహ మార్చుకుని స్కెచ్ వేశాను, మాటల్లో చెప్తాను, ఫొటో రాత్రికి పెడతా.

తెర 32 అంగుళాలు, నల్ల అంచు నాలుగువైపులా సమానం, గడ్డం లేదు. తెర భాగం మందం రెండు సెంటీమీటర్ల లోపు. 2022 స్టూడియో డిస్‌ప్లే 1.9 సెంటీమీటర్లే, పవర్ సప్లై, రెండు ఫ్యాన్లు, ఏ13 చిప్పు దాని లోపలే ఉన్నాయి, కాబట్టి ఇది గాలిలో మేడ కాదు. కంప్యూటర్ మాత్రం తెరలో ఉండదు. వీపున స్టాండు తగిలేచోట మ్యాక్ మినీ అంత పెట్టె ఒకటి గాడిలోకి జారి కూర్చుంటుంది. బరువు వెనకాల మధ్యలో పడుతుంది కాబట్టి స్టాండుకు ఎదురు బరువు లెక్కలోనూ కలిసొస్తుంది. గాలి అడుగునుంచి పీల్చి పైనుంచి వదులుతుంది, వేడి ఎలాగూ పైకే పోతుంది. పెట్టె పాతబడితే జార్చి తీసి కొత్తది పెట్టుకోవడం. ఎత్తు 12 సెంటీమీటర్లు మారుతుంది, ఎక్స్‌డీఆర్ స్టాండుకు ఉన్నట్టే. స్టాండు విడిగా కొనమంటే మాత్రం నేనే ధర్నా చేస్తా.

మెడనొప్పి బాధితుడు

12 సెంటీమీటర్లు చాలు. కింది అంచు బల్లకు ఆరు సెంటీమీటర్ల దాకా దిగితే నా ఓటు మీకే.

సౌండ్ లేని ఫ్యాను

పెట్టె మినీ అంత ఉంటే మ్యాక్స్ చిప్పు చప్పుడు చేస్తుంది. మందం 5 కాదు, 7 సెంటీమీటర్లు ఇవ్వండి, వెనకాలే కదా. ఒకే పెద్ద ఫ్యాను పట్టాలి.

ఎం1తో హాయిగా

పవర్ బటన్ ఎక్కడ? 2024 మినీకి అడుగున పెట్టారు, దీనికి ఏ సందులో పెడతారో. ముందు వైపు పోర్టులు లేకపోతే ఊరుకోను. వెనక చెయ్యి పెట్టి యూఎస్‌బీ-సీ గుంట తడుముకునే ఖర్మ నా 24తోనే చాలు.

జీ4 వీరాభిమాని

అంటే మీరు చెప్పేది మానిటర్ వెనక తగిలించిన మినీ. దాన్ని ఐమ్యాక్ అని ఎలా అంటాం? అయిదు నిమిషాల్లో విడిపోయేది ఒక్క వస్తువెలా అవుతుంది? 2002లో జనం డోమ్‌ను చూసి నవ్వారు, నోరెళ్లబెట్టారు, ఏదో ఒకటి చేశారు. దీన్ని చూసి ఎవరూ తల తిప్పరు.

తెరచాటు

తల తిప్పకపోయినా ఫర్వాలేదండీ, తెర పారేయకుండా ఉంటే చాలు నాకు.

రంగులపెట్టె

ఇదంతా బాగానే ఉంది. తెరకు వీడియో పోర్టు ఇచ్చి, పెట్టె మార్చుకోనిస్తే స్టూడియో డిస్‌ప్లే ఎవరు కొంటారు? వాళ్ల అమ్మకాలకు వాళ్లే గండి కొట్టుకుంటారా?

పిక్సెల్ పంతులు

ఇదివరకు కొట్టుకున్నారు. 27 అంగుళాల ఎల్ఈడీ సినిమా డిస్‌ప్లే 2010లో, థండర్‌బోల్ట్ డిస్‌ప్లే 2011లో అమ్మకానికి పెట్టినప్పుడు, వాటి పక్కనే అదే కొలత ఐమ్యాక్ మానిటర్‌గా పనిచేస్తూనే ఉంది. ల్యాప్‌టాప్ ఉన్నవాడు డిస్‌ప్లే కొన్నాడు, లేనివాడు ఐమ్యాక్ కొన్నాడు. రెండూ ఏళ్ల తరబడి కలిసే బతికాయి. థండర్‌బోల్ట్ డిస్‌ప్లేను ఆపింది 2016లో.

తెరచాటు గారూ, స్కెచ్‌లో ఆ వీడియో పోర్టును పెట్టె మీద కాకుండా తెర మీదే గీయండి. పెట్టె తీసేసిన రోజునే కదా దాని అవసరం.

తెరచాటు

గీస్తున్నా. స్టాండుకు ఎడమ పక్కన, కిందికి తిరిగి ఉండేలా.

స్క్రూడ్రైవర్

దాని పక్కనే నాలుగు స్క్రూలు కూడా. మూతపెట్టి దాచినా సరే.